పసిబిడ్డల గుడ్డలు: బట్ట కొనునప్పటి మెలకువలు



గత సంవత్సరము వేసవిలో మా పొరుగింటి పెద్దమ్మ తన మనుమరాలి తొట్టెల వేడుకకై నాచేత కొన్ని గుడ్డలు కుట్టించుకొనెను. తొట్టెలలో పరచుటకు ఎఱ్ఱని పక్కగుడ్డ యొకటి, అదే బట్టతో రెండు కుల్లాయిలు, నాలుగు పొత్తిగుడ్డలు. చూచినవారెల్ల ముచ్చటపడిరి. నాకు రావలసిన సొమ్మును అప్పుడే నా చేతికి వచ్చెను. అయిదవనాటి ఉదయమున ఆ పెద్దమ్మ గుడ్డలన్నిటిని మూటగట్టి తెచ్చి మా గడపమీద పెట్టి, "బిడ్డా, మా పాతచీరెల ఇద్దరు పిల్లలు పెరిగిన్రు, ఎన్నడేం గాలే. నీ కొత్తబట్టకు పిల్లకు పొక్కులొచ్చినయ్" అనెను.

పోయి చూచితిని. చెమటకు తడిసి రంగు ఊడి, పసిపిల్ల వీపంతయు ఎఱ్ఱనై యుండెను. మెడక్రింద పొక్కులు లేచియుండెను. వైద్యురాలు ఆ గుడ్డలను మాన్పించి మందు వ్రాసి యిచ్చిన తరువాత నాలుగు దినములలో అవి తగ్గినవి. నా సిగ్గు మాత్రము అంత త్వరగా తగ్గలేదు. సొమ్ము తిరిగి ఇచ్చివేసితిని. మిగిలిన పదునాలుగు మీటర్ల ఎఱ్ఱబట్ట పెట్టె యడుగున పడియున్నది.

తప్పెవరిది? బట్టను ఒక పట్టణపు దుకాణములో కొంటిని. రంగు కంటికి నదరుగా నుండెను, వెల చౌకగా నుండెను. ఆ రెండును చూచి ఇరువది మీటర్లు కోయించితిని. దేనితో నేసినదని అడుగలేదు. తడిపి చూడలేదు. దుకాణదారుడు పసిబిడ్డలకని చెప్పి అమ్మలేదు; పసిబిడ్డలకని కొన్నదానను నేను.

మంచిర్యాల నానుకొనియున్న మా నస్పూరులోను, చుట్టుప్రక్కల గని కార్మికుల కాలనీలలోను కుట్టుపని నేర్చిన స్త్రీలు పలువురు కలరు. సింగరేణి సేవాసమితి వంటి సంస్థలు కార్మికుల యింటి స్త్రీలకు కుట్టుపనిలో శిక్షణ నిచ్చుచున్నవి. ఇంటిపట్టుననే యుండి పసిబిడ్డల గుడ్డలు కుట్టి నాలుగు రూపాయలు సంపాదింపవలెనని అనేకులకు కోరిక. మంచి కోరికయే. అయితే కుట్టు నేర్పువారు దొరకుదురు గాని బట్ట కొనుట నేర్పువారు అరుదు. ఈ పరిశ్రమలో లాభనష్టములును, మంచిపేరును, చెడ్డపేరును కత్తెర పట్టకముందే, దుకాణములో బల్లయెదుట నిలుచున్నప్పుడే చాలవఱకు తేలిపోవును. కావున ఈ నెల ఆ సంగతినే ముచ్చటింతును.

పాతచీర చెప్పు పాఠము

మన పెద్దలు పురిటి బిడ్డకు కొత్తబట్ట వేయక, ఇంటిలోని పాత నూలుచీరను చింపి పొత్తిగుడ్డలు చేసెడివారు. దీనిని లేమి యని తలచువారు కలరు. నిజమునకు అది గొప్ప తెలివి. ఏండ్ల తరబడి ఉతికిన చీరలో నేతగాడు పెట్టిన గంజి మిగులదు, ఊడవలసిన రంగు మిగులదు, కుంచించుకొనవలసిన కొలత మిగులదు. పోగు మెత్తబడి యుండును, చెమటను పీల్చుచుండును. బిడ్డ యొంటికి ఇంతకన్న తగిన గుడ్డ వేఱొకటి లేదు.

ఇపుడు మనము సొమ్ము తీసికొని కొత్తగుడ్డ నమ్ముచున్నాము. తల్లి తన యింట ఊరక దొరకు పాతచీరను విడిచి మన గుడ్డను కొనుచున్నది. కాబట్టి మన గుడ్డ ఆ పాతచీరకన్న మేలుగా లేకున్నను, దానికి తక్కువగా నుండరాదు. బట్ట కొనునప్పుడు ఈ యొక్క కొలబద్దను మనసులో పెట్టుకొన్నచో, తక్కిన మెలకువలన్నియు దానినుండియే పుట్టును.

ఎచటి బట్ట, ఎట్టి బట్ట?

మన ఆదిలాబాదు, మంచిర్యాల, కరీంనగరు ప్రాంతములు పత్తికి పెట్టినది పేరు. చేలలో పత్తి తెల్లగా విచ్చియుండగా చూచి, మన చుట్టుప్రక్కల దొరకు బట్టయంతయు నూలుబట్టయే యని భ్రమపడుదుము. మన పత్తి గింజ తీయించుకొని, బేళ్ళుగా కట్టబడి, ఎక్కడెక్కడి మిల్లులకో పోయి నూలగును. మనకు దగ్గరనున్న సిరిసిల్లలో వేలకొలది మరమగ్గములు కలవు. అందు నూలుబట్టయు నేయుదురు, పాలియెస్టరు బట్టయు విరివిగా నేయుదురు. కావున మన ప్రాంతపు మగ్గముమీద నేసినంతమాత్రమున అది నూలుబట్ట కాజాలదు. అడిగి, పరీక్షించి తీసికొనవలెను.

మా ప్రాంతమున వైశాఖ జ్యేష్ఠములలో ఎండ 45 డిగ్రీల వఱకును, కొన్ని దినములలో అంతకు మించియు పోవును. నూలుపోగు తన బరువులో నూటికి 8 వంతుల వఱకు తేమను పీల్చుకొనగలదు. పాలియెస్టరు పోగు అరవంతు తేమనైనను పీల్చదు. పాలియెస్టరు గుడ్డలో చుట్టిన బిడ్డ చెమట ఎక్కడికిని పోవక ఒంటిమీదనే నిలుచును. చెమటకాయలకు వేఱొక కారణము వెదకనక్కఱలేదు.

పసిబిడ్డల గుడ్డలకు ముఖ్యముగా నాలుగు తెగల బట్ట చాలును. వేసవి జుబ్బాలకును, చుట్టు గుడ్డలకును పలుచని మల్‌మల్. కుల్లాయిలకు, పక్కగుడ్డల పైభాగమునకు కొంచెము దట్టమైన కేంబ్రిక్. పుష్య మాఘముల చలికి నూగుతీసిన నూలు ఫ్లానెలు. సాగుచు ముడుచుకొనుచునుండు జుబ్బాలకు అల్లికబట్ట, అనగా బనియను బట్ట. దీనికి తమిళదేశములోని తిరుప్పూరు ప్రసిద్ధము. ఫ్లానెలు విషయములో ఒక్క హెచ్చరిక: దాని నూగుకు నిప్పు త్వరగా అంటుకొనును. స్నానము చేయించి సాంబ్రాణి పొగ వేయునప్పుడు ఆ గుడ్డను నిప్పులకు దూరముగా నుంచుమని కొనువారికి చెప్పుట మన ధర్మము.

చేనేత నూలుబట్ట వెల కొంత హెచ్చైనను, బిడ్డలకు చక్కగా తగును. చేనేత సహకార సంఘముల దుకాణములలో తువ్వాలు బట్ట, దుప్పటి బట్ట, పలుచని నూలుబట్ట దొరకును. 2006వ సంవత్సరమునుండి చేనేత గుర్తు గల చీటీ వాడుకలో నున్నది. అయితే ఆ గుర్తు బట్ట చేమగ్గముమీద నేసినదని మాత్రమే తెలుపును. నూలో పట్టో మనమే అడిగి తెలిసికొనవలెను.

అయిదు పరీక్షలు

నేను ఆ మూట తిరిగివచ్చిన దినమునుండి దుకాణమునకు పోవునప్పుడు సంచిలో కొలతబద్ద, తెల్లని చేరుమాలు, చిన్న సీసాలో నీళ్ళు పెట్టుకొని పోవుచున్నాను. మొదట దుకాణదారులు నవ్విరి. ఇప్పుడు వారే తాను విప్పి ముందు పెట్టి, "చూసుకో అక్కా" అనుచున్నారు.

మొదటిది చేతి పరీక్ష. బట్ట కొసను రెండు అరచేతుల నడుమ గట్టిగా నలుపవలెను. తెల్లని పొడి రాలిన అది గంజి బట్ట. అంగడిలో దట్టముగా, బరువుగా కనబడినను మొదటి ఉతుకుతో జల్లెడవలె పలుచబడును. నలిపిన పిమ్మట వెలుతురునకు పట్టి చూచిన పడుగు పేకల నిజస్వరూపము తెలియును.

రెండవది వాసన. ముడుత పడదని చెప్పి అమ్మెడి బట్టకు తఱచుగా ఫార్మాల్డిహైడు కలిసిన పూత పూయుదురు. ఘాటైన మందువాసన వచ్చిన బట్టను బిడ్డలకై కొనరాదు. జపాను దేశమున 1973లో చేసిన శాసనము క్రింద, 24 నెలలలోపు శిశువుల వస్త్రములలో ఈ ద్రవ్యము పరీక్షకు అందునంత మాత్రమైనను ఉండరాదని కట్టడి కలదు. అంతటి పరికరములు మన యింట లేవు. ముక్కు మాత్రము కలదు.

మూడవది రంగు పరీక్ష. చేరుమాలు కొసను తడిపి బట్టమీద పదిమార్లు రుద్దవలెను. తెల్లని కొసకు రంగంటిన ఆ బట్టను అక్కడనే విడువవలెను. బిడ్డ గుడ్డను ఒంటికి తొడుగుకొనుటయే కాదు, నోటను పెట్టుకొని చీకును గూడ. మన ప్రభుత్వము హానికరములైన కొన్ని అజో రంగులను 1997లో నిషేధించినది. అయినను చిల్లర దుకాణమున తాను మీద ఏ రంగు వేసిరో చెప్పగలవాడు తఱచుగా ఉండడు. ముదురు ఎఱుపు, నలుపు, ముదురు నీలములు ఊడునంతగా లేత రంగులు ఊడవు. కావున లేత రంగులును, తెలుపును మేలు. కొన్ని బట్టలకు ఓకో-టెక్స్ అను పరీక్షాచిహ్నము ఉండును. అందు మొదటి తరగతి మూడేండ్లలోపు శిశువులకు ఉద్దేశింపబడినది. అది యున్నచో అడిగి చూచుకొనవలెను.

నాలుగవది నిప్పు పరీక్ష. దీనిని దుకాణములో గాక ఇంటివద్ద, పిల్లలు దరిలేనప్పుడు, నీళ్ళ పళ్ళెము ప్రక్కన పెట్టుకొని చేయవలెను. నాలుగు పోగులు లాగి చిమటాతో పట్టి వెలిగింపవలెను. నూలు కాగితమువలె మండి, కాలిన కాగితపు వాసనతో మెత్తని బూడిద యగును. పాలియెస్టరు ముడుచుకొని కరగి, చల్లారిన పిమ్మట గట్టి పూసగా నిలుచును. బూడిదతోపాటు పూసకూడ మిగిలిన అది కలుపు బట్ట. పడుగునుండి కొన్ని, పేకనుండి కొన్ని పోగులు తీసి వేఱువేఱుగా చూచుట మంచిది. ఒకటి నూలు, ఒకటి పాలియెస్టరు అయిన బట్టలును కలవు.

అయిదవది ఉతుకు పరీక్ష. అరమీటరు పైచిలుకు నమూనా కొనితెచ్చి, దానిమీద ప్రక్కకు 50 సెంటీమీటర్లు కొలిచి నాలుగు మూలలను దారముతో గుర్తింపవలెను. వేడినీళ్ళలో సబ్బుతో ఉతికి ఆరవేసి మరల కొలువవలెను. 50 కాస్త 48 అయినచో నూటికి 4 వంతులు కుంచించినదన్న మాట. తోడుగా ఒక తెల్లగుడ్డను నానవేసిన, రంగు సంగతియు అదే యుతుకులో తేలును.

ఇవన్నియు అయిన పిమ్మట కొన్న బట్టనంతటిని కత్తిరించుటకు ముందే ఒకసారి ఉతికి ఆరవేయవలెను. ఇది పాతచీర వయస్సులో కొంత భాగమును కొత్తబట్టకు ఎరువిచ్చుట వంటిది. వానకాలములో ఆరవు గనుక జ్యేష్ఠములోనే ఈ పని ముగించుకొనుట మేలు. గనుల చెంతనుండు మాబోటివారు బొగ్గుదుమ్ము పడకుండ తెల్లబట్టను లోపలివసారాలో ఆరవేసికొనవలసి యుండును.

పన్నా లెక్క

సోదరీమణులలో అనేకులు మీటరు వెలను మాత్రమే అడుగుదురు. మీటరు వెల తెలిసినంత మాత్రమున ఒక్కొక్క గుడ్డకు ఎంత పడినదో తెలియదు. అందుకు పన్నా తెలియవలెను. దానిని ఒక లెక్కతో చూతము. వెలలు లెక్కకొఱకు అనుకొన్నవి మాత్రమే.

36 అంగుళముల పన్నా బట్ట మీటరు 90 రూపాయలు, 44 అంగుళములది 100 రూపాయలు అనుకొందము. ఒక్కొక్కటి 5 మీటర్లు కొంటిమి. 5 మీటర్లనగా సుమారు 197 అంగుళములు. ఉతికిన పిమ్మట నూటికి 5 వంతులు కుంచించిన 187 అంగుళములు మిగులును. 20 అంగుళముల చదరపు పొత్తిగుడ్డలు కోసినచో నిడివిలో 9 వరుసలు వచ్చును. పెద్ద పన్నా కుంచించి 42 అంగుళములకు దగ్గరగా నిలుచును గనుక వరుసకు రెండు చొప్పున 18 గుడ్డలు. చిన్న పన్నా 34 అంగుళములే గనుక వరుసకు ఒకటి చొప్పున 9 గుడ్డలే. మొదటిదానిలో ఒక్కొక్క గుడ్డకు పడిన బట్ట వెల సుమారు 28 రూపాయలు. రెండవదానిలో 50 రూపాయలు. చౌక యనుకొన్న బట్ట ప్రియమైనది!

చిన్న పన్నాలో మిగిలిన 14 అంగుళముల పట్టీతో చొంగగుడ్డలును, కుల్లాయిలును కుట్టగలిగినచో నష్టము కొంత తీరును. ఆ పని లేనివారికి అది పేలికయే. మఱి 30 అంగుళముల చుట్టుగుడ్డ కుట్టదలచినచో లెక్క తారుమారగును. అప్పుడు రెండు పన్నాలలోను వరుసకు ఒక్కటియే వచ్చును గనుక చిన్న పన్నాయే లాభము. కావున ఏమి కుట్టవలెనో కాగితముమీద గీచుకొని, ఆ పిమ్మట బట్ట కొనుటకు పోవలెను. బట్ట కొని ఏమి కుట్టుదమా యని ఆలోచించుట, బియ్యము నానవేసి పిండివంట పేరు వెదకుట వంటిది.

ఇంకొక సంగతి. ఒకే రంగు బట్టయైనను రెండు తానులనడుమ చాయ భేదించును. ఒక జతకు కావలసిన బట్టనంతటిని ఒకే తానునుండి ఒకేసారి కొనవలెను. నాలుగు దినముల తరువాత తెచ్చిన ముక్క కలియదు. కట్ పీసులు చౌక గాని, అవి ఒక్కసారికే. మరల అదే బట్ట కావలెనని కొనువారడిగిన చెప్పు జవాబుండదు.

నలుగురు కలిసి కొనుట

ఒంటరిగా అయిదేసి మీటర్లు కొనువారికి చిల్లర వెల తప్పదు. టోకు వర్తకుడు తాను లెక్కను అమ్మును. తాను కొనుటకు మనలో ఒక్కరివద్ద సొమ్ముండదు. సొమ్మున్నను ఒకే బట్టతో అంత కుట్టలేము. మా వీథిలోని అయిదుగురము కలిసి ఈ చిక్కును తీర్చుకొంటిమి. తెల్లని మల్‌మల్, కేంబ్రిక్ తానులు అందఱికిని కావలసినవే గనుక వాటిని ఉమ్మడిగాను, రంగుబట్టను ఎవరిది వారుగాను కొనుచున్నాము. మంచిర్యాలలో రైలెక్కిన నాలుగైదు గంటలలో సికిందరాబాదు చేరుదుము. అచటి జనరల్ బజారు, హైదరాబాదులోని మదీనా, పత్తర్‌గట్టి ప్రాంతముల బట్టల బజారులు ప్రసిద్ధములు. ఇరువురు పోయిన చాలును. దారిఖర్చు అయిదుగురిలో పంచుకొందుము. ముందు నమూనాలు తెచ్చి ఉతికి చూచి, రెండవమారు తానులు కొందుము. రెండుమార్లు పోవుట వృథావ్యయమని మాలో ఒకామె తొలుత వాదించినది. నా పెట్టెలోని ఎఱ్ఱబట్టను తీసి చూపితిని. మరల ఆ మాట ఎత్తలేదు.

ఇట్టి ఉమ్మడికి రెండు నియమములు అవసరము. తానును పంచునప్పుడు అందఱును ఎదుట నుండవలెను. చెల్లింపులు, కొలతలు ఒక పుస్తకములో వ్రాయవలెను. ఆ పుస్తకములోనే ప్రతి బట్టనుండి రెండంగుళముల ముక్కను అంటించి, ప్రక్కను కొన్న తేది, పన్నా, వెల, ఎంత కుంచించినది, రంగు నిలిచినదా లేదా యని వ్రాసికొన్నచో అది ఏడాదిలో మంచి గురువగును. స్వయంసహాయక సంఘములలో నున్న సోదరీమణులకు ఈ లెక్కలు కొత్తవి కావు.

మిగిలిన ముక్కలతో బొమ్మలు చేయదలచువారు ఒక సంగతి నెఱుగవలెను. 2021 జనవరి 1వ తేదీనుండి మన దేశమున అమ్మెడి ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి యైనది. గుడ్డబొమ్మలును అందు చేరినవే. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనరు కార్యాలయమున నమోదైన చేతిపనివారికి మినహాయింపు కలదు. కావున బొమ్మల వ్యాపారమునకు దిగకముందు ఆ నమోదు సంగతి చూచుకొనవలెను. ముక్కలను అతికి బొంతలు కుట్టుటకు ఈ చిక్కు లేదు. అది మన తాతమ్మలనాటి విద్యయే.

ఇక ముగింతును. ఈ సంవత్సరము మాఘమాసములో ఆ పెద్దమ్మ చిన్నకూతురు పురిటికి వచ్చెను. నావద్దకు వచ్చి గుడ్డలు కుట్టుమని ఆమె అడుగునని నేను తలపలేదు. వచ్చి, కుట్టుమని అనలేదు. "ఏ బట్ట తెచ్చినవో ముందు చూపియ్యి బిడ్డా" అనెను. ఉతికి ఆరవేసిన తెల్లని మల్‌మల్ తాను తీసి చేతికిచ్చితిని. నీళ్ళు తెప్పించుకొని, తన తెల్లచీర కొంగు తడిపి, ఆ బట్టమీద తానే పదిమార్లు రుద్దినది. కొంగును వెలుతురునకు పట్టి చూచినది. చెంపకు ఆనించుకొని చూచినది. ఆ పిమ్మట ఆరు పొత్తిగుడ్డలకు, రెండు జుబ్బాలకు బయానా యిచ్చి పోయినది.

బట్ట కొనుటలో నాకు గురువెవరని ఎవరైన అడిగిన, ఆమెయే యని చెప్పుదును. సోదరీమణులు తమ తమ అనుభవములను గూడ వ్రాసి పంపుదురని ఆశించుచున్నాను.